ముందే ఉన్న గీత

నా టోకెన్ ముప్పై ఎనిమిది, గోడ మీద వెలుగుతున్న ఎర్రంకె ఇరవై తొమ్మిది, అంటే ఇంకా తొమ్మిది జతల ఊపిరితిత్తులు నా ముందున్నాయి, మనిషికి ఐదారు నిమిషాలు వేసుకున్నా గంట పడుతుంది, గంటలో పన్నెండవుతుంది, పన్నెండుకి మా సామాను లారీ కదలాలి. రేవుకి వెళ్ళి ఓడెక్కాలా, లేక గోడౌనుకి వెళ్ళి తాళం పడాలా అన్నది ఆలోపు నేను చెప్పాలి. ఈ ఓడ తప్పితే మళ్ళీ రెండు నెలలకట. ఇంట్లో మా ఆయన ప్యాకింగ్ వాళ్ళ వెనకాల గది గదీ తిరుగుతుంటాడు, ఇక్కడ నేను ఈ ప్లాస్టిక్ కుర్చీలో, ఎంత సర్దుకున్నా వీపుకి ఆనని కుర్చీలో, ఫైలు ఒళ్ళో పెట్టుకుని. పొద్దున బయల్దేరుతూ ఆయనతో ఏమన్నాను? ఎక్కడో సంతకం మర్చిపోయానట, పెట్టేసి వస్తానన్నాను. సంతకమూ లేదు, మర్చిపోవడమూ లేదు. మూడు రోజుల కిందట తీసిన ఎక్స్‌రేలో కుడివైపు పైన ఏదో మచ్చ కనపడింది, డాక్టరు మాట్లాడాలంటున్నారు రండి అని ఫోన్ చేశారు. ఏదో మచ్చ అట. దానికి పాతికేళ్ళు. అది నాకు తెలుసు, నేను దానికి తెలుసు, మూడో మనిషికి చెప్పకుండా ఇద్దరం ఇంతకాలం నెట్టుకొచ్చాం.

ఇంతమంది కూర్చుని ఒక్కరు కూడా దగ్గని ఆసుపత్రి ఇదొక్కటేనేమో. వీసాల ఆసుపత్రి కదా, అందరం ఇస్త్రీ బట్టలేసుకుని పరీక్షకొచ్చిన పిల్లల్లా కూర్చున్నాం, ఎవరి గొంతులో గరగర వాళ్ళు మింగుతున్నారు. ఆ మూల నీలం చొక్కా ఆయన ఇప్పటికి మూడుసార్లు లేచి నీళ్ళు తాగాడు. కౌంటర్లో గుమాస్తా ఇంకెవరినో, దగ్గేమైనా ఉందా అండీ అని అడిగితే ఇక్కడ నా చెయ్యి నా ఛాతీ మీదికి పోయింది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొస్తుందేమోనని అదీ మింగాను. మొన్న ఎక్స్‌రేకి ముందు నింపిన ఫారం మీద ఏడో ప్రశ్న. మీకు ఎప్పుడైనా క్షయ వచ్చిందా? అవును, కాదు, రెండు గడులు. నా చెయ్యి నన్నడక్కుండానే కాదు అన్న గడిలో టిక్కు పెట్టేసి ఎనిమిదో ప్రశ్నకి వెళ్ళిపోయింది. పాతికేళ్ళుగా అలవాటైన చెయ్యి మరి. కింద చిన్న అక్షరాల్లో ఉంది, తప్పు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఐదేళ్ళ దాకా మళ్ళీ దరఖాస్తు చేసే వీల్లేదని. అది చదివాకే సంతకం పెట్టాను. చదవలేదంటే అదింకో అబద్ధం.

ఎర్రంకె ముప్పై ఒకటి. పొద్దున ఏడింటికే ఇంటికి వచ్చేశారు ప్యాకింగ్ వాళ్ళు, నలుగురు మోసేవాళ్ళు, వాళ్ళ మీద ఒక పెద్దమనిషి, కళ్ళద్దాలు తాడుతో మెళ్ళో వేలాడదీసుకుని, చేతిలో జాబితా పుస్తకం. నలుగురిలో ఎవరూ దేన్నీ ముట్టుకోకముందే ఈయన వస్తువు చుట్టూ ప్రదక్షిణం చేస్తాడు, వంగి కింద చూస్తాడు, వేలితో రాస్తాడు, తర్వాత ఒక్కో దోషానికి ఒక్కో అక్షరం రాసుకుంటాడు. గీతకి గీ, సొట్టకి సొ, తుప్పుకి తు, మరకకి మ. మా బీరువా గీ, గీ, తు. రాతబల్ల గీ, మ, మ. వంటింటి అల్మరా తలుపు సొ, తు, ఇంకేదో. ఇరవై ఏళ్ళ కాపురం కాస్తా రోగి మంచానికి తగిలించిన చీటీలా తయారవుతుంటే నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో బాగున్నది ఒక్కటీ మీ కంటికి ఆనలేదా అన్నాను. ఆయన తలెత్తలేదు. "బాగున్నది రాయమమ్మా. బాగున్నదానితో గొడవ రాదు. ముందే ఉన్న గీత ముందే రాసేసుకుంటే అక్కడ దింపాక మీరు నన్నేమీ అనలేరు, నేను మిమ్మల్నేమీ అనలేను. రాయని గీతతోనే తంటా అంతా." బీరువా పక్క గీత మీద వేలు పెట్టి, ఇది ఎప్పటిదీ అన్నాడు. పెళ్ళికి ముందుదన్నాను. మాకు తేదీతో పని లేదులెండి, ఉందా లేదా అంతే, అన్నాడు. గాజు పనిముట్ల పెట్టె దగ్గర మాత్రం ఆగిపోయి, గాజైతే మీరే సర్దుకోవాలి, సొంతంగా సర్దుకున్న పెట్టెకి మా పూచీ ఉండదన్నాడు. సర్దేశాను, నా చేత్తోనే టేపు వేశాను, మీ పూచీ ఎవరడిగారన్నాను. అన్నాను గానీ రాయని గీతతోనే తంటా అన్న ఆ మాట బస్సులో నా పక్క సీట్లో కూర్చుని ఇక్కడిదాకా వచ్చింది.

అమ్మ దాన్ని ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఆ జ్వరం అనేది. నాకు పంతొమ్మిది. నా కంచం, నా గ్లాసు కిటికీ గట్టు మీద వేరుగా ఉండేవి, ఎవరైనా ఇంటికొస్తే అమ్మ వాటిని గబగబా మంచం కిందికి తోసేది, నన్ను కూడా తోసేదే, పట్టక ఊరుకుంది. నన్ను బతికించింది మాత్రం అమ్మే, ఆ మాట చెప్పకపోతే పాపం. రోజూ మాత్రలు అరచేతిలో పోసి, మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేది. తొమ్మిది నెలలు. వాంతైతే మళ్ళీ ఇచ్చేది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన పసుప్పచ్చ కార్డు మీద రోజుకో గుర్తు, ఆఖరి పేజీలో చికిత్స పూర్తయినది అని ముద్ర. ఆ ముద్ర పడిన రోజు నేను పరుగున ఇంటికొచ్చి అమ్మ చేతిలో పెట్టాను, పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత గర్వంగా ఇవ్వలేదు. అమ్మ ఒకసారి చదివింది, మడతపెట్టింది, పొయ్యిలో పెట్టింది. పీడ వదిలింది అంది. వదిలింది జబ్బు తాలూకు రుజువు అనుకుంది, పోయింది నయమైందన్న రుజువు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, మా ఇంట్లో చెయ్యి కాలలేదు, ఆకులే కాలాయి. ఆ రాత్రే నా చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది, కట్టుకునేవాడికి కూడా చెప్పకూడదని. ఇచ్చాను. పంతొమ్మిదేళ్ళకి ఏ మాటైనా ఇచ్చేస్తాం, మోయాల్సింది మనమేనని తెలీదు. పెళ్ళయ్యాక ఆయనకి ఎప్పుడైనా దగ్గొస్తే నేను క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి రోజులు లెక్కపెట్టేదాన్ని, పదో రోజు దాటితే అన్నం సహించేది కాదు, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళేదాన్ని. జలుబుకి ఎక్స్‌రే ఏంటే, ఇంత ప్రేమేంటే అని నవ్వేవాడు. నేనేమో దొంగకి తేలు కుట్టినట్టు పక్కన కూర్చునేదాన్ని.

ఫోన్ ఒణికింది. అక్క. నిన్న సాయంత్రం చెప్పుకోవడానికి మనిషి లేక చెప్పుకున్నాను, ఈ సంగతి తెలిసిన ప్రాణి ఇప్పుడు అదొక్కతే. "న్యుమోనియా అని చెప్పు," అంది, హలో కూడా లేదు. "చిన్నప్పుడు న్యుమోనియా వచ్చినా మచ్చ మిగులుతుందట, కనుక్కున్నా. మీ బావగారి డాక్టరు స్నేహితుడు ఉత్తరం రాసిచ్చాడు, ముద్రతో సహా. నీ ఫోన్‌కి పంపా, చూడు." తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టుంటుందే అక్కా అన్నాను. "నీకు సామెతలు తోస్తున్నాయి, నాకిక్కడ కాళ్ళాడ్డం లేదు. నాకు ఇద్దరాడపిల్లలే. రేపు సంబంధాల దగ్గర, వాళ్ళ పిన్నికి ఆ జబ్బుండేదట అంటే ఏం చెప్పను?" ఉండేది, తగ్గిపోయింది అని చెప్పు. రెండు మాటలే కదా. "అమ్మకిచ్చిన మాటో?" అంది, ఏడుస్తోంది కూడా, అక్క ఏడిస్తే నాకు చిన్నప్పట్నుంచీ చేతులు చల్లబడతాయి. అమ్మకిచ్చిన మాట అమ్మ ఉన్నంతకాలం మోశాను అక్కా, తర్వాత నాలుగేళ్ళు ఊరికే మోశాను అన్నాను. పెట్టేసింది. ఉత్తరం తెరిచి చూశాను. చక్కగా ఉంది. ఏడేళ్ళ వయసులో న్యుమోనియా, పది రోజుల చికిత్స, సంతకం, గుండ్రటి ముద్ర. నేను నిజంగా పడ్డ తొమ్మిది నెలలకి కాగితం ముక్క లేదు, పడని పది రోజులకి ముద్ర ఉంది. ఇది చూపిస్తే సాయంత్రానికి వీసా కాగితాలు కదులుతాయి, సామాను ఓడెక్కుతుంది, ఐదు వారాల్లో నేను కొత్త ప్రయోగశాలలో మంట ముందు కూర్చుంటాను, మా ఆయనకి ఈ జన్మకి తెలీదు. చాలా సుఖంగా ఉంటుంది. ఎర్రంకె ముప్పై అయిదు.

మంట ముందు కూర్చోవడం నేర్పింది గాజు మేస్త్రి. ఆయన పనిచేసే కాలేజీ వర్క్‌షాపులో నేను చేరింది స్టోరు గుమాస్తాగా, పరీక్ష గొట్టాలు ఎన్నొచ్చాయి ఎన్ని పగిలాయి రాసుకోడానికి. ఆయన ఒకరోజు గాజు గొట్టం చేతికిచ్చి, ఊదు అన్నాడు. నాకు ఊపిరితిత్తుల గురించి ఉన్న భయమంతా ఆ గొట్టంలోకి ఊదాను, బుడగ ఉబ్బి సబ్బు నురగలా పేలిపోయింది. "గట్టిగా ఊదేవాళ్ళకి ఈ పని రాదమ్మాయ్," అన్నాడు, "ఆపగలిగేవాళ్ళకి వస్తుంది." అప్పట్నుంచి ఇరవై రెండేళ్ళు. రెండు చేతులతో గొట్టం తిప్పుతూనే ఉండాలి, గాజు ఎర్రబడి, మెత్తబడి, జారిపోబోయే క్షణంలో పెదవుల మధ్య రబ్బరు గొట్టంలోంచి చిటికెడు గాలి, అంతే, తర్వాత బిగపట్టాలి, గాజు తన రూపం తాను పట్టుకునేదాకా మనిషి కదలకూడదు. ఈ మచ్చ ఉన్న ఊపిరితోనే పట్టాను. మూడు పొరల ఫ్లాస్కులు చేశాను, లోపల చుట్టలు తిరిగే కండెన్సర్లు చేశాను, పేర్లు పలకలేని ప్రొఫెసర్లు బొమ్మలు గీసుకుని నా బల్ల ముందు నిలబడ్డారు. గాజుల బేరం భోజనానికి సరి అని అక్క ఎగతాళి చేసేది, ఆ గాజే ఇప్పుడు నన్ను పిలిచింది, ఆ దేశంలో ప్రయోగశాల వాళ్ళ గాజు పనివాడు రిటైరైపోతే ఈ పని తెలిసినవాళ్ళు దొరక్క నన్ను నలభై నిమిషాలు వీడియోలో చూసి ఉద్యోగం ఇచ్చారు. మేస్త్రి ఇంకో మాట అనేవాడు. చేసిన ప్రతి వస్తువునీ పొయ్యిలో పెట్టి నెమ్మదిగా చల్లార్చాలి, తొందరపడి బయటపెడితే పైకి అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, లోపల బిగువు ఉండిపోతుంది, ఎప్పుడో ఒకనాడు అల్మరాలో ఎవరూ ముట్టుకోకుండానే టప్పున రెండు ముక్కలవుతుంది. అలా పగిలిన చప్పుడు నేను విన్నాను, ఖాళీ గదిలోంచి. భయపడాల్సిన చప్పుడు అదీ. దగ్గు కాదు.

మళ్ళీ ఫోన్, ఈసారి ఆయన. లెక్కల మాస్టారు, ఇరవై ఏళ్ళ సర్వీసు వదులుకుని నా వెంట వస్తున్నాడు. వీసా దరఖాస్తు మీద ఆయన పేరు పక్కన, భార్యపై ఆధారపడిన వ్యక్తి అని ఉంటే దాన్ని ఫోటో తీసి స్టాఫ్ రూములో అందరికీ చూపించి మురిసిపోయిన మనిషి. "హలో, మీ మీద ఆధారపడినవాణ్ణి మాట్లాడుతున్నా. మంచం ఊడదీశారు, నా కుర్చీ కూడా తీసుకుపోయారు, గోడకి చేరబడ్డాను. జాబితాయన నా రేడియోకి నాలుగు గీలు రాశాడు, నేను ఒప్పుకోలేదు, మూడుకి దిగాడు. సంతకం అయిందా?" ఇంకా లేదు మాస్టారూ అన్నాను. సంతకానికి ఇంతసేపేంటే, తామ్రశాసనం రాస్తున్నారా అన్నాడు. నవ్వాను. ఆ నవ్వు నాకే అసహ్యమేసింది. ఇంకో అబద్ధానికి ఒళ్ళు సహకరించడం మానేసింది, అంతే, అందులో గొప్పేమీ లేదు. ఎర్రంకె ముప్పై ఎనిమిది.

డాక్టరు నాకంటే పదేళ్ళు చిన్నది. తెర మీద నా ఛాతీ. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూసుకోలేదు దాన్ని, కుడి భుజం కింద, పక్కటెముకల మధ్య, చిటికెన వేలి గోరంత తెల్లటి గీత. ఇంతేనా అనిపించింది. దీనికా కిటికీ గట్టు మీద కంచం, దీనికా క్యాలెండర్లు, దీనికా అక్క ఏడుపు. ఆవిడ మంచిది, నేను తప్పుకోడానికి తలుపు తనే తీసింది, చిన్నప్పుడు న్యుమోనియా లాంటిదేమైనా వచ్చిందా అండీ అని. ఉత్తరం ఉన్న ఫోన్ నా చేతిలోనే ఉంది, వేలు పెడితే తెరుచుకుంటుంది.

"కాదండీ. టీబీ. పంతొమ్మిదో ఏట. తొమ్మిది నెలలు మందులు వాడాను, ఒక్క రోజు మానలేదు. ఫారంలో కాదని పెట్టాను, అది అబద్ధం. ఆ ఫారం ఒకసారి ఇటివ్వండి."

చికిత్స కార్డు ఉందా అంది. మా అమ్మ పొయ్యిలో పెట్టిందన్నాను. ఎందుకూ అంటే నాకు పెళ్ళి కావాలని అన్నాను. ఆవిడ ఫారం నా వైపు తిప్పింది. కాదు కొట్టేశాను, అవును అన్న గడిలో టిక్కు పెట్టాను, పక్కన తేదీ వేసి సంతకం చేశాను. పొద్దున చెప్పిన సంతకం ఇదేనేమో, అబద్ధం కూడా నిజమైంది. "దిద్దితే దిద్దినట్టు రాస్తాను," అంది డాక్టరు. "వాళ్ళు దాన్ని ఎలా తీసుకుంటారో నేను చెప్పలేను. కార్డుంటే ఇక్కడితో అయిపోయేదేమో. లేదు కాబట్టి ఇవాళ ఇంకో ఎక్స్‌రే, వరసగా మూడు రోజులు పొద్దున్నే కఫం. క్రిమి ఉంటే ల్యాబులో పెరుగుతుంది, లేకపోతే ఏదీ పెరగదు. తేలడానికి ఎనిమిది వారాలు. మీ ఉద్యోగం ఎప్పట్నుంచి?" ఐదు వారాల్లో. మరి అంది. వాళ్ళకి రాస్తాను, ఉన్నదున్నట్టు, ఆగమంటాను. ఆగకపోతే అని ఆవిడ అడగలేదు, నేనే అనుకున్నాను. ఆగకపోతే వాళ్ళ ఫ్లాస్కులు వాళ్ళు ఊదుకుంటారు. అనుకున్నంత సులువు కాదు ఆ మాట, ఆ ఉద్యోగం నాకు కావాలి, చాలా కావాలి. కావాలి గనకే దాని కింద అబద్ధం పెట్టి నిలబెట్టదలుచుకోలేదు.

బయట వరండాలో నర్సు నా దగ్గరికి వంగి, అమ్మా, మీరు ఆ... ఆ పరీక్షకి పక్క గదికి అంది, చావు కబురు చెప్పినంత మెల్లగా. ఏ పరీక్షకండీ, టీబీ పరీక్షకా అన్నాను, మామూలు గొంతుతో, అంటే మా వర్క్‌షాపులో బర్నర్ల హోరు మీద మాట్లాడే గొంతుతో. వరండా అంతా తిరిగి చూసింది. అప్పుడు ఆ మూల నీలం చొక్కా ఆయన దగ్గాడు. పాపం ఎంతసేపట్నుంచి ఆపుకున్నాడో, వంగిపోయి, హాయిగా, కళ్ళనీళ్ళొచ్చేదాకా దగ్గాడు.

పన్నెండుకి పది నిమిషాలుంది. అక్క పంపిన ఉత్తరం తీసేసి ఆయనకి ఫోన్ చేశాను. మాస్టారూ, సంతకం కాదు, పొద్దున అబద్ధం చెప్పాను, దాని వెనక ఇంకోటి ఉంది, పెద్దది, అని మొదలుపెట్టి ఆపకుండా చెప్పేశాను, జ్వరం, కంచం, కార్డు, అమ్మ, ఏడో ప్రశ్న, ఎనిమిది వారాలు. అటువైపు టేపు చరచరా లాగుతున్న చప్పుడు, ఎవరో పెట్టె ఈడుస్తున్న చప్పుడు.

"ఇరవై ఏళ్ళు," అన్నాడు చివరికి.

"ఇరవై ఏళ్ళు."

"నాకు దగ్గొచ్చినప్పుడల్లా క్యాలెండర్ చూసేదానివి. అందుకా?"

"అందుకే."

"నేను ప్రేమనుకున్నా."

అదీ ప్రేమే అని చెప్పబోయి ఊరుకున్నాను, ఆ మాట ఇప్పుడు నేను చెప్పాల్సింది కాదు. "కోపంగా ఉంది నాకు," అన్నాడు. ఉండాలి అన్నాను. ఉంది, ఇంకా చాలాసేపు ఉంటుంది అన్నాడు. తర్వాత మాస్టారు గొంతుతో, పిల్లాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచిన గొంతుతో, "జాబితాయన ఎదురుగా నిలబడ్డాడు. రేవుకా, గోడౌనుకా?"

ఓడకి ఏడు వారాలు పడుతుందన్నారు. క్రిమికి ఎనిమిది. "రేవుకి," అన్నాను.

"ఫలితం రాకుండానే? వాళ్ళు వద్దంటే?"

"నేను గోడౌన్లో ఉండను మాస్టారూ. పాతికేళ్ళు ఉన్నాను. సామాను ముందు వెళ్తుంది, నేను వెనకాల వెళ్తాను. వద్దంటే వెనక్కి తెప్పించుకుందాం, అప్పుడు జాబితా మీరే రాద్దురు గాని."

ఆయన నవ్వలేదు. ఫోన్ పక్కకి తీసి, రేవుకే అండీ, ఎక్కించండి అనడం వినిపించింది, దానికి జాబితాయన సరే అనడం, లారీ తలుపు గొలుసు తియ్యడం. మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చి, "ఇంటికి రా, మాట్లాడాలి," అన్నాడు. కూర్చోడానికి కుర్చీ కూడా లేదుగా అన్నాను. "నిలబడే మాట్లాడుకుందాం," అని పెట్టేశాడు. వస్తావా అనలేదు, రా అన్నాడు. అదొక్కటి పట్టుకుని ఎక్స్‌రే గదిలోకి వెళ్ళాను.

ఎక్స్‌రే పలకకి పక్కగా తిరిగి నిలబడమన్నాడు టెక్నీషియన్, చేతులు పైకెత్తమన్నాడు. పలక చల్లగా ఉంది. అతను గాజు కిటికీ వెనక్కి వెళ్ళాడు, మాసిన గాజు, మధ్యలో అల ఉంది, ఎవరో పోతపోసేటప్పుడు తొందరపడ్డారు. గట్టిగా పీల్చండమ్మా, బిగపట్టండి అన్నాడు. పీల్చాను. కుడివైపు పైన, ఆ గీత దాకా, దాన్ని దాటి ఇంకా పైకి, గది గదీ తెరిచినట్టు నింపుకున్నాను. రాసుకోండి, కుడివైపు ఒక గీ, ముందే ఉన్నది, పని చేస్తుంది. యంత్రం గుర్రుమని ఆగింది. అయిందమ్మా, వదలండి అన్నాడు. వదల్లేదు. మూడంకెలు లెక్కపెట్టేవాడి లెక్క అతనిది, నాది గాజు తన రూపం తాను పట్టుకునేదాకా లెక్క. లారీ ఈపాటికి వీధి మలుపు తిరిగుంటుంది, నేను టేపు వేసిన పెట్టె అందులో ఉంది, ఎవరి పూచీ లేకుండా. అమ్మా, వదిలేయొచ్చు అన్నాడు మళ్ళీ. ఇంకా ఉంది నా దగ్గర. అతను కంగారుగా గాజు వెనక నుంచి బయటికొచ్చాడు, అమ్మా, ఊపిరి వదలండి, ఏమైందమ్మా అంటూ. ఆగమని చేత్తో సైగ చేశాను.